హాండెల్ మహాశయుని జీవితము - పెద్ద మేళము, చిన్న మేళము

క్రిస్మసు పండుగ వచ్చిందంటే హల్లెలూయా కోరస్ వినిపించని క్రైస్తవ సంఘము మన ఆంధ్రదేశములో అరుదు. పట్టణములలోని పెద్ద దేవాలయములలో నాలుగు స్వరములుగా విడిపోయి పాడుతారు. మా జి.మాడుగుల వంటి మన్యప్రాంతములో ఒకప్పుడు రేడియోలోను, తరువాత టేపురికార్డరులోను, ఈనాడు సెల్‌ఫోనులోను వింటున్నాము. ఆ పాట మొదలు కాగానే లేచి నిలబడే ఆచారము మాత్రము కొండ మీద, కొండ క్రింద ఒకటే. అయితే దానిని కూర్చిన వ్యక్తి ఎవరు, ఎటువంటి బ్రతుకు బ్రతికాడు అని అడిగితే మనలో చెప్పగలవారు కొద్దిమంది.

ఈ శతవత్సర ఉత్సవముల పాటలు అభ్యాసము చేయుటకు మా క్వయరు కూడిన రోజున ఒక పెద్దాయన ఒక సందేహము వెలిబుచ్చారు. ఒక హార్మోనియము, ఒక డోలకు, రెండు జతల తాళములు, ఒక కంజిర తప్ప మన దగ్గర ఏమున్నవి, పట్టణము నుండి కీబోర్డు, డ్రమ్సు, పెద్ద పెద్ద సౌండు బాక్సులు అద్దెకు తెస్తేనే గాని మన పాట ఎవరి చెవికి ఎక్కుతుంది అని వారి బాధ. పిల్లలలో కొందరు అప్పటికే చిన్నబుచ్చుకొని కూర్చున్నారు. ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. దానికి జవాబు నాకు హాండెల్ జీవితములో దొరికింది. పెద్ద పెద్ద వాద్యబృందములకు ఐరోపాలో దారి తీసినవారిలో ఆయన ముఖ్యుడు. కాని ఆయన పేరు నిలబెట్టిన గ్రంథము పెద్ద మేళము కొరకు వ్రాయబడినది కాదు. ఆ కథ చదువరులకు మనవి చేస్తాను.

బాల్యము

జార్జ్ ఫ్రెడరిక్ హాండెల్ 1685 ఫిబ్రవరి 23న జర్మనీ దేశములోని హాలె పట్టణములో జన్మించాడు. మరొక మహా సంగీతకారుడు బాహ్ పుట్టినదీ ఆ సంవత్సరమే, ఆ దేశములోనే. హాండెల్ తండ్రి క్షౌరవృత్తి, శస్త్రవైద్యము రెండూ చేసేవాడు. కుమారుడు పుట్టేనాటికే ఆయనకు అరువది దాటినవి. కుర్రవాడు న్యాయశాస్త్రము చదివి పెద్దవాడు కావాలని ఆయన కోరిక. సంగీతము కూడు పెట్టదని భయము. తండ్రికి తెలియకుండా అటక మీద చిన్న వాద్యము దాచుకొని రాత్రివేళ వాయించుకొనేవాడని ఒక కథ చెబుతారు. ఒకసారి వైసెన్‌ఫెల్స్ ప్రభువు ఆ బాలుడు ఆర్గను వాయించగా విని, వీనికి సంగీతము చెప్పించవలెనని తండ్రికి నచ్చజెప్పాడట. అప్పుడు హాలె పట్టణపు దేవాలయములో ఆర్గను వాయించే సాఖో అనే గురువు వద్ద చేర్చారు. హాండెల్ జీవితమంతటిలో నేర్చిన గురువు ఈయన ఒక్కడే అని చెప్పవచ్చును.

1697లో తండ్రి గతించాడు. 1702లో హాండెల్ విశ్వవిద్యాలయములో చేరాడు. ఆ యేడే ఒక దేవాలయములో ఆర్గనిస్టు పని కూడా దొరికింది. ఏడాది తిరగకుండానే రెండూ విడిచిపెట్టి హాంబర్గు నగరపు సంగీత నాటకశాలలో వయొలిను వాయించుటకు వెళ్ళాడు. 1706లో ఇటలీ చేరి మూడు నాలుగేండ్లు అక్కడి పెద్దల వద్ద మెళకువలు గ్రహించాడు.

లండను నగరములో

1710లో హానోవరు ప్రభువు కొలువులో సంగీతాధికారి ఉద్యోగము దొరికింది. అయినా హాండెల్ మనసు లండను మీదనే. 1711లో అక్కడ ఆయన వ్రాసిన రినాల్డో అనే సంగీత నాటకము జనమును ఉర్రూతలూపింది. 1712లో సెలవు పెట్టి మరల లండను వెళ్ళినవాడు ఇక తిరిగి రాలేదు. తమాషా ఏమంటే 1714లో ఆ హానోవరు ప్రభువే మొదటి జార్జి పేరుతో ఇంగ్లండు సింహాసనమెక్కి, తన ఉద్యోగి ఉన్న ఊరికే తానూ వచ్చి చేరాడు. 1717 జూలై 17న రాజుగారు థేమ్సు నదిపై పడవలో విహరించగా, పక్క పడవలో సుమారు 50 మంది వాద్యకారులు హాండెల్ కూర్చిన సంగీతము వాయించారు. రాజుగారికి అది ఎంత నచ్చిందంటే మూడుసార్లు వాయించమన్నారు.

నీటి మీద, ఆరుబయట, నలుగురికీ వినబడే సంగీతము ఎట్లా ఉండాలో హాండెల్‌కు అక్కడ బాగా అనుభవమైంది. మన మన్యములో దీనికి వివరణ అక్కరలేదు. థింసా ఆడేటప్పుడు తుడుము, డప్పు, మోరి, జోడు కొమ్ములు ఎందుకు వాయిస్తారు? తోపులో, కళ్ళములో, కొండవాలులో శబ్దము గాలికి చెదిరిపోతుంది. తీగల వాద్యము పది బారల అవతల వినబడదు. తోలు వాద్యము, ఊదు వాద్యము అయితే పక్క ఊరికి కూడా చేరుతుంది. వాద్యములను నిర్ణయించేది ముందుగా చోటు, ఆ తరువాతనే మనిషి.

1727లో హాండెల్ బ్రిటిషు పౌరసత్వము పొందాడు. ఆ యేడు అక్టోబరు 11న రెండవ జార్జి పట్టాభిషేకము వెస్ట్‌మినిస్టర్ ఆబీలో జరిగినప్పుడు సొలొమోను అభిషేక ఘట్టము ఆధారముగా యాజకుడైన సాదోకు అనే కీర్తన కూర్చాడు. సుమారు 40 కంఠములు, 160 వాద్యములు అందులో పాలుగొన్నట్లు ఆనాటి పత్రికలో వచ్చింది. ఆ కాలమునకు అది కనీవినీ ఎరుగని మేళము. కాని ఆనాడు ఆరాధనలో సంగీతము తికమకపడిందని ఆర్చిబిషప్పుగారు తన కాగితముల మీద వ్రాసుకొన్నారు. మేళము పెద్దదయ్యేకొద్దీ గందరగోళము కూడా పెద్దదవుతుందన్నమాట. అయినా ఆ కీర్తన చిరంజీవి అయింది. 2023 మే 6న మూడవ చార్లెస్ పట్టాభిషేకములో కూడా అదే పాడారు.

సౌలు - విచిత్ర వాద్యములు

ఆ తరువాత హాండెల్‌కు కష్టకాలము. ఇటాలియను నాటకముల మీద జనమునకు మోజు తగ్గింది. పోటీ కంపెనీ వెలసింది. డబ్బు నష్టము, పని ఒత్తిడి కలిసి 1737లో పక్షవాతము వచ్చి కుడి చేయి పడిపోయింది. జర్మనీలోని ఆహెన్ వేడి నీటి ఊటలలో స్నానము చేసి ఆశ్చర్యకరముగా కోలుకొన్నాడు. లేచిన మనిషి దృష్టి బైబిలు కథల వైపు మళ్ళింది. వేషములు, నటన లేకుండా పవిత్ర కథను పాటగా వినిపించే ఓరటోరియోలను అంతకు ముందే ప్రారంభించాడు. ఇప్పుడు వాటికే ఎక్కువగా పూనుకొన్నాడు.

1739 జనవరి 16న సౌలు ఓరటోరియో ప్రదర్శించాడు. అందులో వాడిన వాద్యములను చూసి లండను నివ్వెరపోయింది. అప్పటికి ఇంగ్లండులో దాదాపు కనుమరుగైన ట్రాంబోన్లు మూడు తెప్పించాడు. మెట్లు నొక్కితే గంటలు మ్రోగే ఒక క్రొత్త వాద్యము చేయించాడు. లండను టవరు కోటలో ఫిరంగి దళము వారి పెద్ద నగారాలను అరువు తెచ్చాడు. అయిదువందల పౌనుల ఖరీదుగల ఆర్గనుకు ఆర్డరు ఇచ్చాడు. సౌలుకు మాటలు వ్రాసిన జెన్నెన్స్ అనే కవి ఈ క్రొత్త పిచ్చిలన్నీ చూసి తన బంధువుకు ఉత్తరములో మొరపెట్టుకొన్నాడు.

అయితే ఇది వట్టి ఆర్భాటము కాదు. దావీదు గొల్యాతును చంపి వచ్చినప్పుడు స్త్రీలు తంబురలతో ఎదురు వచ్చి, సౌలు వేలను చంపితే దావీదు పదివేలను చంపాడని పాడిన సంగతి మొదటి సమూయేలు 18వ అధ్యాయములో మనము చదువుతాము. ఆ ఘట్టములోనే హాండెల్ గంటల వాద్యమును మ్రోగించాడు. ఇంపైన ఆ గంటల నడుమనే సౌలు హృదయములో అసూయ పుడుతుంది. వేలు, పదివేలు అనే లెక్క విని ఆ రాజు చెడిపోయాడు. సౌలు, యోనాతాను మరణించిన తరువాత వచ్చే శవయాత్ర సంగీతములో ట్రాంబోన్లు, నగారాలు గంభీరముగా నడుస్తవి. నేటికీ బ్రిటిషు దేశములో గొప్పవారి అంత్యక్రియలలో ఆ సంగీతము వాయిస్తారు. ప్రతి విచిత్ర వాద్యమునకు ఒక పని ఉన్నది. ఆ పని తీరిన తరువాత అది మౌనముగా ఉంటుంది.

మెస్సయ్య

1741 ఆగస్టు 22న హాండెల్ మెస్సయ్య వ్రాయుటకు కూర్చున్నాడు. సెప్టెంబరు 14న ముగించాడు. మొత్తము 24 రోజులు. వాక్యములను బైబిలు నుండి ఏర్చికూర్చినది ఆ జెన్నెన్స్ కవియే. ఇంత గొప్ప విషయమునకు ఎన్ని వాద్యములు కావలసి వచ్చినవి? వయొలిను జాతి తీగల వాద్యములు, రెండు ట్రంపెట్లు, ఒక జత నగారాలు, శ్రుతికి ఆర్గను వగైరా. అంతే. ఓబో, బసూను వంటి ఊదు వాద్యములు తరువాతి ప్రదర్శనలలో చేరినవే. ఆ ట్రంపెట్లు కూడా గ్రంథము మొత్తములో నాలుగైదు చోట్ల మాత్రమే మ్రోగుతవి. దూతల పాటలో అవి దూరము నుండి, మెల్లగా వినబడవలెనని గుర్తు పెట్టాడు. నగారాలైతే హల్లెలూయా కోరస్ వచ్చేవరకు చేతులు కట్టుకొని కూర్చోవాలి. మరల చివరి కోరసులోనే వాటికి పని. అంతసేపు నిశ్శబ్దముగా ఉన్నందువల్లనే అవి మ్రోగినప్పుడు మన ఒళ్ళు జలదరిస్తుంది. సౌలుకు కోట నగారాలు తెచ్చిన మనిషి, రక్షకుని కథకు వచ్చేసరికి ఇంత పొదుపు పాటించాడు.

మొదటి ప్రదర్శన 1742 ఏప్రిల్ 13న ఐర్లండులోని డబ్లిను నగరములో జరిగింది. రెండు కతీడ్రల్ దేవాలయముల నుండి వచ్చిన పాటగాండ్రు అంతా కలిసి ముప్పది మందికి కాస్త ఎక్కువ. జనము ఎక్కువగా పట్టవలెనని స్త్రీలు గుండ్రని బద్దల లంగాలు, పురుషులు కత్తులు లేకుండా రావలసినదిగా ప్రకటన చేశారు. సుమారు 700 మంది వచ్చారు. వసూలైన నాలుగు వందల పౌనులు మూడు ధర్మకార్యములకు పంచారు. అందులో ఒకటి, అప్పులు తీర్చలేక జైలులో మగ్గేవారి విడుదల. ఆ సొమ్ముతో 142 మంది బయటకు వచ్చారు. చెరలో ఉన్నవారికి విడుదల ప్రకటించుటకు వచ్చిన ప్రభువును గూర్చిన పాట, మొదటి రోజుననే చెర తలుపులు తెరిచింది.

లండనులో మాత్రము 1743లో దానికి చల్లని ఆదరణ లభించింది. పవిత్ర వాక్యములను నాటకశాలలో పాడటమేమని కొందరు ఆక్షేపించారు.

బాణాసంచా, అనాథ శిశువులు

1749లో ఒక యుద్ధము ముగిసిన సంతోషముతో రెండవ జార్జి రాజు గ్రీన్ పార్కులో పెద్ద బాణాసంచా ఏర్పాటు చేశాడు. సంగీతము హాండెల్‌ది. వయొలినులు వద్దు, యుద్ధ వాద్యములే ఉండాలని రాజుగారి పట్టు. వయొలినులు కావాలని హాండెల్ పట్టు. చివరకు రాజుగారి మాటే నెగ్గింది. హాండెల్ వ్రాతప్రతిలో 24 ఓబోలు, 12 బసూనులు, 9 ట్రంపెట్లు, 9 హారన్లు, 3 జతల నగారాలు కనబడుతవి. అభ్యాసము వినుటకే 12,000 మంది వచ్చారనీ, లండను బ్రిడ్జి మీద మూడు గంటలసేపు బండ్లు కదలలేదనీ ఆనాటి పత్రికలు వ్రాసినవి. తీరా ఏప్రిల్ 27న బాణాసంచా సరిగా వెలగలేదు. సంబరము కొరకు కట్టిన చెక్క భవనము ఒక పక్క అంటుకొని మండిపోయింది. సంగీతము మాత్రము నిలిచింది.

నెల రోజులకు, మే 27న, హాండెల్ ఆ సంగీతమునే వయొలినులు చేర్చి, ఈసారి తాను కోరిన విధముగా వాయించాడు. ఎక్కడ? తల్లిదండ్రులు విడిచిపెట్టిన పసికందులను పెంచుటకు థామస్ కోరమ్ అనే ఓడ కెప్టెను స్థాపించిన ఫౌండ్లింగ్ ఆసుపత్రిలో. అక్కడి ప్రార్థనాలయమునకు ఆర్గనును కూడా దానము చేశాడు. 1750 మే 1న అక్కడ మెస్సయ్య పాడించగా, చోటు చాలక ఎందరో వెనుదిరిగారు. వారి కొరకు మే 15న మరల పాడించాడు. అప్పటి నుండి ఏటేటా అక్కడ మెస్సయ్య జరిగింది. ఆ శిశువులకు వేల పౌనుల ఆదాయము వచ్చింది. అక్కడి 1754 జమాఖర్చులు నేటికీ ఉన్నవి. వాద్యకారులు 38 మంది, పాటగాండ్రు ఇరువదికి కొంచెము పైన. ఇదీ హాండెల్ స్వయముగా నడిపిన మెస్సయ్య మేళము.

ఇంత మంచి చెప్పినప్పుడు మరొక మాట దాచరాదు. ఆఫ్రికా ప్రజలను బానిసలుగా అమ్మిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీ, సౌత్ సీ కంపెనీ వాటాలలో హాండెల్ సొమ్ము పెట్టినట్లు ఇటీవలి పరిశోధకులు పాత లెక్కల నుండి బయటపెట్టారు. చెరలోనివారిని విడిపించిన సొమ్ము, చెరపట్టిన సొమ్ము ఒకే మనిషి చేతిలో నుండి నడిచినవి. మహాత్ముల జీవితములు వ్రాసేటప్పుడు ఈ రెండవ లెక్కను చెరిపివేయకూడదు.

చివరి దినములు

1751లో జెఫ్తా అనే ఓరటోరియో వ్రాస్తూ ఉండగా ఎడమ కన్ను కనబడక పని ఆపవలసి వచ్చిందని ఆ ప్రతి అంచున వ్రాసుకొన్నాడు. కొద్ది కాలమునకే రెండు కండ్లూ పోయినవి. అంతకు ముందు బాహ్ కంటికి చికిత్స చేసి పాడుచేసిన టేలరు అనే వైద్యుడే హాండెల్‌కూ చికిత్స చేశాడు. ఫలితము లేదు. చూపు పోయినా ఆర్గను వాయించుట మానలేదు. 1759 ఏప్రిల్ 6న చివరిసారి మెస్సయ్య విన్నాడు. ఏప్రిల్ 14న, శుభ శుక్రవారము మరునాడు, కన్నుమూశాడు. ఆయన పెండ్లి చేసుకోలేదు. మరణ శాసనములో పేద సంగీత విద్వాంసుల సహాయ నిధికి వెయ్యి పౌనులు, ఫౌండ్లింగ్ ఆసుపత్రికి మెస్సయ్య ప్రతిని ఇచ్చిపోయాడు. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో భూస్థాపనకు మూడువేల మంది వచ్చారు.

శతజయంతి

ఆయన సమాధి వద్ద శిలాఫలకము మీద పుట్టిన సంవత్సరము 1684 అని చెక్కారు. ఆనాడు ఇంగ్లండులో క్రొత్త సంవత్సరము మార్చి 25న మొదలయ్యేది గనుక ఫిబ్రవరి పాత సంవత్సరములోనికి పోయింది. ఆ లెక్క పట్టుకొని 1784లో, అంటే నిజమునకు తొంబది తొమ్మిదవ యేట, ఆబీలోనే శతజయంతి చేశారు. మొత్తము 525 మంది. వారిలో దాదాపు సగము వాద్యకారులు. 95 వయొలినులు, 26 ఓబోలు, 26 బసూనులు, 12 ట్రంపెట్లు. లండను టవరు నగారాలు మరల వచ్చినవి. వాటికంటె పెద్దవి రాగితో క్రొత్తగా చేయించారు. 1791 ఉత్సవములో సంఖ్య వెయ్యి దాటింది. అది విని చలించిన హైడన్ తరువాత సృష్టి అనే ఓరటోరియో వ్రాశాడు. 1859లో లండను క్రిస్టల్ పాలెస్‌లో పాటగాండ్రే రెండువేల ఏడువందలకు పైన, వాద్యములు 460. ఫ్రాన్సులో బెర్లియోజ్ 1837లో మృతుల పూజాసంగీతమునకు నాలుగు మూలల నాలుగు ఇత్తడి మేళములు, 16 నగారాలు పెట్టాడు. 1910లో మాలర్ ఎనిమిదవ సింఫనీ మ్యూనిక్ నగరములో వెయ్యి మందికి పైగా వినిపించారు.

ఈ పెద్ద మేళములను తక్కువచేసి మాట్లాడుట నా ఉద్దేశము కాదు. సొలొమోను ఆలయ ప్రతిష్ఠలో 120 మంది యాజకులు బూరలు ఊదిన సంగతి దినవృత్తాంతములలో ఉన్నది. బెర్లియోజ్ బూరలు అంత్యదినపు తీర్పును చెప్పుటకు వచ్చినవి. అక్కడ అవి కావాలి. కాని మెస్సయ్యకు వేల కంఠములు చేరిన కొద్దీ నడక బరువెక్కింది, మాట స్పష్టత తగ్గింది. ఇరువదిమంది సమర్థులతో పాడితే విని చనిపోవాలని ఉందని బెర్నార్డ్ షా 1891లోనే వేడుకొన్నాడు. ఇరువదవ శతాబ్ది నడుమ నుండి సంగీత విద్వాంసులు ఫౌండ్లింగ్ ఆసుపత్రి లెక్కల వైపు తిరిగి చూసి, ముప్పది నలుబది మందితో పాడుట మొదలుపెట్టారు. హాండెల్ మరల హాండెల్ అయ్యాడు.

గిద్యోను వద్దకు ముప్పది రెండువేల మంది వచ్చారు. మిగిలినవారు మూడువందలు. ఆ మూడువందల మంది చేతిలో ఉన్నవి బూరలు, కుండలు, దివిటీలు.

ఈ సంగతులన్నీ మరుసటి అభ్యాసములో నేను మా క్వయరుకు చెప్పాను. పెద్దాయన శ్రద్ధగా విని, అయితే మన పాటలో నగారా ఎక్కడ మ్రోగాలో ముందు చూసుకోవాలి గదా అన్నారు. ఆ ఒక్క ప్రశ్నతో పని మొదలైంది. లోపల హార్మోనియము, కంజిర చాలునని నిశ్చయించాము. డోలకు చివరి చరణములోనే. ఊరేగింపు కొండవాలున సాగుతుంది గనుక అక్కడికి తుడుము, డప్పు, కొమ్ములు. వాయించేవారు మన ఊరివారే ఉన్నారు. పట్టణము నుండి అద్దెకు తెచ్చేది ఏదీ లేదు. చిన్నబుచ్చుకొన్న పిల్లలు ఇప్పుడు కంజిర ఎవరిదన్న దాని మీద తగవు పడుతున్నారు.